నా మొదటి వెల్డింగ్ మిషన్: డబ్బా మీది అంకె, గోడ మీది ప్లగ్గు

మా గ్యారేజీలో బండి పెట్టగా ఒక పక్క ఆరడుగుల జాగా మిగులుతుంది. అక్కడ వైస్ బిగించుకోవడానికి గట్టి ఇనుప బల్ల ఒకటి ఉంటే బాగుండుననిపించింది. ఎవరికైనా చెప్పి చేయించుకుంటే రెండు రోజుల పని. కానీ ఇనుము కోయడం వచ్చు, గ్రైండర్ ఉంది, డ్రిల్లింగ్ మిషన్ ఉంది, రానిదల్లా వెల్డింగ్ ఒక్కటే, అది కూడా వచ్చేస్తే ఇక చిన్న చిన్న పనులకు ఎవరినీ బతిమాలక్కర్లేదు కదా అని మొదలుపెట్టాను. బల్ల నిలబడేసరికి ఐదు నెలలు పట్టింది. అందులో మూడు నెలలు ఏ మిషన్ కొనాలో తేల్చుకోవడానికే పోయాయి.

మొదట్లో నా మనసంతా మిగ్ మీదే, అంటే చుట్టలోంచి వైరు వస్తూ ఉంటే గ్యాస్ అండతో అతికే వెల్డింగ్ మీదే. వీడియోల్లో చూస్తే తుపాకీ లాంటి టార్చ్ పట్టుకోవడం, ట్రిగ్గర్ నొక్కడం, సర్రుమని గీత పడిపోవడం, కొట్టి తీయాల్సిన స్లాగ్, అంటే వెల్డు మీద గడ్డకట్టే పెంకు కూడా ఉండదు. చేతికి త్వరగా పట్టుబడుతుందన్న మాట కూడా నిజమే, వైరు దానంతటదే వస్తూ ఉంటుంది కాబట్టి కరిగిపోయే రాడ్డుతో పాటు చెయ్యి దించుకుంటూ పోవాల్సిన బాధ ఉండదు. పలచటి రేకులకైతే దాన్ని మించింది లేదు. అయితే మిషన్ ధర చూసి ఇదేం పెద్ద ఖర్చు కాదులే అనుకున్నవాణ్ని, దాని పక్కన ఇంకేం కావాలో రాసుకుంటూ పోయేసరికి నీరుగారిపోయాను. సిలిండర్, రెగ్యులేటర్, అందులోకి కార్బన్ డయాక్సైడో లేక ఆర్గాన్ కలిపిన గ్యాసో, వైరు చుట్ట, అరిగిపోయే టిప్పులు, నాజిల్. మిషన్ ఒకసారి కొంటే అయిపోతుంది, గ్యాస్ మాత్రం అయిపోయినప్పుడల్లా నింపించుకోవాలి, అదీ ఆదివారం సాయంత్రం పని సగంలో ఉండగానే అయిపోతుంది. పైగా గ్యారేజీ తలుపు తీస్తే గాలికి గ్యాస్ చెదిరిపోయి వెల్డు నిండా సూది బెజ్జాలు పడతాయి, తలుపు మూస్తే పొగ. నాలాగా నెలకు రెండుసార్లు వాడేవాడికి ఆ చుట్ట సగం వాడకుండానే తుప్పు పట్టేలా ఉందనిపించింది.

సరే, గ్యాస్ లేని ఫ్లక్స్ కోర్ వైరు వాడదాం అనుకున్నాను. వైరు బోలుగా ఉండి లోపల ఫ్లక్స్ పొడి ఉంటుంది, అదే కాలి గ్యాస్ ఇస్తుంది, సిలిండర్ అక్కర్లేదు. ఇది నిజంగా మంచి దారే, ఇప్పటికీ చాలామంది కొత్తవాళ్లకు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. కానీ ఒక తిరకాసుంది. మామూలు మిగ్ వైరుకు టార్చ్ పాజిటివ్‌లో ఉండాలి, గ్యాస్ లేకుండా నడిచే ఈ వైరుకు చాలావరకు టార్చ్ నెగెటివ్‌లో ఉండాలి. కొన్ని చవక మిషన్లలో ఈ మార్పిడికి వీలే ఉండదు, ఇంకా చవకవాటిలో అయితే బయటికొచ్చేదే ఏసీ. అలాంటివాటితో కొడితే చుట్టూ ఇనుప చిమ్ముడే తప్ప వెల్డు కనపడదు. నేను చూసిన రెండు మిషన్లలో ఒకదాని మాన్యువల్లో పోలారిటీ అన్న మాటే లేదు. దాన్ని అక్కడే వదిలేశాను.

టిగ్, అంటే ఒక చేత్తో టార్చ్, ఇంకో చేత్తో పూరక తీగ పట్టుకుని చేసే వెల్డింగ్ గురించి పెద్దగా ఆలోచించలేదు. అందంగా ఉంటుంది, నెమ్మదిగా ఉంటుంది, ఆర్గాన్ కావాలి, రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు చేయాలి. అల్యూమినియం చేయాలంటే ఏసీ టిగ్ కావాలి, దాని ధరే వేరు. "టిగ్ కూడా ఉంది" అని రాసి అమ్మే చిన్న మిషన్లన్నీ దాదాపు డీసీవే, వాటితో అల్యూమినియం అతుకుతుందని ఆశపడకండి.

ఇక మిగిలింది స్టిక్, అంటే మనందరం చిన్నప్పటి నుంచి చూస్తున్న రాడ్డు వెల్డింగే. నిజం చెప్పాలంటే అది పాతకాలం సంగతి అన్న చిన్నచూపు నాకుండేది. చదివేకొద్దీ ఆ చూపు పోయింది. 1904లో ఈసాబ్ కంపెనీ మొదలుపెట్టిన స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెర్గ్ ఓడల బాయిలర్ల రిపేర్ల కోసం కుస్తీపడుతూ, ఉత్త ఇనుప తీగతో వెల్డు సరిగ్గా రావట్లేదని దానికి పూత వేసి చూశాడు. ఆ పూత కాలి గ్యాస్ అవుతుంది, కరిగిన లోహానికి గాలి తగలకుండా అడ్డుకుంటుంది, పైన స్లాగ్ పొరగా గడ్డకట్టి చల్లారేదాకా కాపాడుతుంది. అంటే మిగ్‌లో సిలిండర్ చేసే పనంతా వేలెడు మందం కూడా లేని రాడ్డు మీద పూతగా వచ్చేస్తోంది. గాలి వీచినా కాస్త తట్టుకుంటుంది, కొంచెం తుప్పున్నా సర్దుకుపోతుంది, మిషన్‌లో కదిలే భాగం ఫ్యాన్ ఒక్కటే. నాలాంటివాడి గ్యారేజీకి ఇంతకన్నా ఏం కావాలి?

సరే స్టిక్ అని తేలింది, ఏ మిషన్? ఇక్కడ నాకు తెలిసిన వెల్డర్ ఒకాయన్ని పట్టుకున్నాను. ఆయన ఇదే పనిలో తల నెరిసిన మనిషి.

"అన్నా, 200 ఆంపియర్లది తీసుకోనా, 250ది తీసుకోనా?"

"ఏం అతికిస్తావ్ తమ్ముడూ?"

"అంటే... అన్నీ."

"అన్నీ అంటే ఏమీ లేదని. పోయి కాగితం మీద రాసుకురా."

ఒళ్లు మండింది కానీ రాశాను. బల్లకు 3 మిల్లీమీటర్ల గోడ ఉన్న స్క్వేర్ ట్యూబ్, దాని పైన అంచుకు 5 మిల్లీమీటర్ల యాంగిల్, అరలకు 1.6 మిల్లీమీటర్ల ట్యూబ్, గేటు మడతబందు దగ్గర 6 మిల్లీమీటర్ల ఫ్లాట్, తోట పని బండికి విరిగిన పిడి. అంతే. వచ్చే రెండేళ్లలో నేను చేయబోయేవాటిలో అన్నిటికన్నా మందమైనది 6 మిల్లీమీటర్లు. దానికి 3.15 మిల్లీమీటర్ల రాడ్డు చాలు, అది 90 నుంచి 130 ఆంపియర్ల మధ్య బాగా నడుస్తుంది. మిగతావాటికి 2.5 రాడ్డు, 60 నుంచి 90. పలచటివాటికి 2 మిల్లీమీటర్ల రాడ్డు, 40 నుంచి 60. కాగితం చూసి ఆయన ఒకే మాటన్నాడు: "మరి 250 ఎందుకు?" నా దగ్గర జవాబు లేదు. పెద్ద అంకె ఉంటే మంచిదేమో అనుకున్నాను, అంతకుమించి కారణమేం లేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. స్టిక్ మిషన్లను పరీక్షించే పద్ధతిలో ఒక సూత్రం ఉంది: వెల్డింగ్ కరెంటును 0.04తో గుణించి 20 కలిపితే ఆ కరెంటు దగ్గర ఆర్క్ (రాడ్డుకూ ఇనుముకూ మధ్య వెలిగే మెరుపు) వోల్టేజ్ ఎంత ఉండాలో వస్తుంది. 100 ఆంపియర్ల దగ్గర 24 వోల్టులు, అంటే 2,400 వాట్లు బయటికి రావాలి. చవక ఇన్వర్టర్ మిషన్ (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే తేలిక రకం) లోపలే ఒక ఇరవై శాతం వేడిగా పోతుంది, పైగా పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు 0.7 ఉంటే గొప్ప. ఇవన్నీ కలిపితే 230 వోల్టుల ప్లగ్గు నుంచి సుమారు 18, 19 ఆంపియర్లు లాగుతుంది. 2.5 రాడ్డును 85 దగ్గర నడిపితే 15 చిల్లర. 3.15 రాడ్డును 130 దగ్గర నడిపితే 25. ఇక డబ్బా మీద రాసిన 250 నిజంగానే వస్తే గోడ నుంచి 58 ఆంపియర్లు కావాలి. ఇంటి ప్లగ్గులో 58 ఆంపియర్లు ఎక్కణ్నుంచి వస్తాయి? నేను చూస్తున్న ఆ 250 మిషన్‌కు వెనక ఉన్న తీగ నా కంప్యూటర్ తీగంత సన్నంగా ఉంది. ఆ తీగ చూశాకే నాకు డబ్బా మీది అంకె మీద నమ్మకం పోయింది. 120 వోల్టుల కరెంటు ఉండే దేశాల్లో సంగతి ఇంకా ఇబ్బంది, అదే ప్లగ్గు నుంచి దాదాపు సగం శక్తే వస్తుంది కాబట్టి అక్కడివాళ్లు ముందు చూసుకోవాల్సింది ప్లగ్గునే.

తర్వాత ఒకసారి ఆ వెల్డర్ అన్న దగ్గరున్న డీసీ క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పట్టుకెళ్లి, పరిచయస్తుడి దగ్గరున్న అలాంటి "250" మిషన్ ఒకటి ఫుల్లుగా పెట్టి కొలిచాం. డిస్‌ప్లే 250 చూపిస్తోంది, మీటర్‌లో 140 దాటలేదు. దాంతో అతను బాగానే పని చేసుకుంటున్నాడు, అది వేరే విషయం. 140 అని రాసి అమ్మితే ఎవరూ కొనరనేమో.

అందుకని డబ్బా వదిలేసి మిషన్ వెనకో పక్కనో అంటించి ఉండే రేకు చదవడం నేర్చుకున్నాను. పేరు ప్లేటు అంటారు. అది లేని మిషన్ జోలికే పోవద్దు. నాకు అందులో పనికొచ్చినవి నాలుగే. యు జీరో అంటే ఆర్క్ లేనప్పుడు రాడ్డు దగ్గర ఉండే వోల్టేజ్, ఇది 60 పైన ఉంటే ఆర్క్ తేలిగ్గా పడుతుంది. ఐ2 అంటే వెల్డింగ్ కరెంటు. ఎక్స్ అంటే డ్యూటీ సైకిల్. ఐ1 మ్యాక్స్ అంటే గోడ నుంచి లాగే కరెంటు, మన వైరింగ్‌కు సరిపోతుందో లేదో చెప్పేది ఇదే, దీన్ని మాత్రం ఎవరూ ప్రకటనల్లో వేయరు.

డ్యూటీ సైకిల్ గురించి నేను చాలా రోజులు తప్పుగా అనుకున్నాను. 35 శాతం అంటే మిషన్ 35 శాతం శక్తితో నడుస్తుందేమో అనుకునేవాణ్ని. అది కాదు. పది నిమిషాల్లో మూడున్నర నిమిషాలు ఆర్క్ వెలగొచ్చు, మిగతా ఆరున్నర నిమిషాలు చల్లారనివ్వాలి, లేకపోతే లోపలి థర్మల్ స్విచ్ పడిపోయి పసుపు లైటు వెలుగుతుంది. కరెంటు తగ్గిస్తే ఈ శాతం బాగా పెరుగుతుంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని, అంటే కరెంటును కరెంటుతోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. నేను చివరికి కొన్నదాని ప్లేటు మీద 35 శాతానికి 160, 60 శాతానికి 122, 100 శాతానికి 95 అని ఉంది. లెక్క వేసి చూస్తే మూడూ ఒకదానికొకటి సరిపోయాయి, దాంతో ఈ ప్లేటు రాసినవాడు కొలిచో లెక్కేసో రాశాడు, ఊరికే అచ్చు వేయలేదు అన్న ధైర్యం వచ్చింది. ఇంకో మాట, ఇదే శాతాన్ని 40 డిగ్రీల వేడిలో కొలిచి చెప్పేవాళ్లున్నారు, 20 డిగ్రీల దగ్గర కొలిచి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఎండాకాలం రేకుల షెడ్డులో పని చేసేవాళ్లకు ఈ తేడా బాగానే తెలుస్తుంది.

అయితే ఇంటి పనికి డ్యూటీ సైకిల్ గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదని ఇప్పుడనిపిస్తోంది. 2.5 రాడ్డు ఒకటి నిమిషంలో అయిపోతుంది. తర్వాత హెల్మెట్ ఎత్తి చూసుకోవాలి, స్లాగ్ కొట్టాలి, బ్రష్ పట్టాలి, నిట్టూర్చాలి, గ్రైండర్‌తో తీసేసి మళ్లీ కొట్టాలి. కొన్నప్పటి నుంచి నా మిషన్ వేడెక్కి ఆగింది ఒక్కసారే.

మధ్యలో పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తుందంటే మనసు లాగింది. రాగి చుట్లు, ఇనుప గుండు, చెడిపోవడానికి అందులో ఏముంది అంటారు, నిజమే. కానీ ఇద్దరు పడితే గానీ లేవలేదు, ఏసీ మాత్రమే ఇస్తుంది, స్విచ్ వేయగానే ఇల్లంతా లైట్లు మినుకుమంటాయి. ఇన్వర్టర్ మిషన్‌లో ఐజీబీటీలనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు కరెంటును సెకనుకు వేల సార్లు ఆపి వదులుతాయి కాబట్టి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పిడికెడంత ఉంటే చాలు, మొత్తం బరువు ఐదారు కిలోలే. బయటికొచ్చేది డీసీ, ఆర్క్ నిలకడగా ఉంటుంది, కొత్త చేతికి ఇది చాలా పెద్ద సాయం. చెడిపోతే మాత్రం బోర్డు మార్చాల్సిందే, రిపేరు దొరకడం కష్టం. ఆ భయం ఇప్పటికీ ఉంది.

అదనపు సదుపాయాల్లో నిజంగా ఉపయోగపడినవి హాట్ స్టార్ట్, యాంటీ స్టిక్. మొదటిది ఆర్క్ కొట్టేటప్పుడు క్షణంపాటు కరెంటు పెంచుతుంది, రెండోది రాడ్డు అంటుకుపోతే కరెంటు పడగొడుతుంది, అప్పుడు రాడ్డు ఎర్రగా కాలిపోకుండా మెల్లగా మెలితిప్పి లాగేయొచ్చు. ఆర్క్ ఫోర్స్ అని ఇంకొకటి ఉంది, దాని నాబ్ నేను ఇంతవరకు ముట్టుకోలేదు. కేబుళ్లు మాత్రం తప్పకుండా చూసుకోవాలి. నా మిషన్‌తో వచ్చినవి పైకి రాగిలా ఉన్నాయి, ఒక చివర గీకి చూస్తే లోపల తెల్లగా అల్యూమినియం, పొడవు మీటరున్నర. ఎర్త్ క్లాంప్ బట్టలు ఆరేసే క్లిప్పులా ఉంది. నెల తిరక్కుండానే రెండూ తీసేసి 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, బరువైన క్లాంప్ వేసుకున్నాను. ఆర్క్‌లో తేడా మొదటి రాడ్డుకే తెలిసింది, అంతకుముందు దాకా తప్పంతా నా చేతిదే అనుకుంటూ ఉన్నాను.

హెల్మెట్ విషయంలో మాత్రం పిసినారితనం చేయలేదు, అది మంచిదైంది. ఆర్క్ పడగానే దానంతటదే నల్లబడే రకం తీసుకున్నాను, ఎందుకంటే కొత్తవాడికి అసలు కష్టం రాడ్డు ఎక్కడ ఆనించాలో కనపడకపోవడమే. ఈ అద్దాలకు యూరప్ ప్రమాణం ప్రకారం నాలుగు అంకెలు ఇస్తారు, ఒక్కోటి 1 నుంచి 3 దాకా, 1 అంటే మేలు. నాది 1/1/1/2, షేడ్, అంటే అద్దం ఎంత నల్లబడాలన్నది 9 నుంచి 13 దాకా మార్చుకోవచ్చు, 80 ఆంపియర్ల దగ్గర నేను 10లో పెడతాను. సెన్సార్లు నాలుగున్నది తీసుకుంటే మంచిది, రెండే ఉంటే మూలల్లో వంగి చేసేటప్పుడు చెయ్యో ట్యూబో అడ్డొచ్చి అద్దం నల్లబడదు. గ్లౌజులు, తోలు ఏప్రన్, చిప్పింగ్ హ్యామర్, వైర్ బ్రష్, రెండు మాగ్నెట్లు, నాలుగు సీ క్లాంపులు, రాడ్లు అన్నీ కలిపి మిషన్ ధరతో సమానంగా తేలాయి. మొదటే ఇది తెలిసుంటే మిషన్‌కు పెట్టుకున్న డబ్బును సగానికి తగ్గించుకునేవాణ్ని.

మిషన్ వచ్చిన రోజు సాయంత్రం పిల్లాడికి కొత్త సైకిల్ కొనిచ్చినట్టే ఉంది నా పరిస్థితి. 6013 రాడ్లు తెచ్చిపెట్టుకున్నాను. 60 అంటే వెల్డు లోహం బలం చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు, 1 అంటే ఏ వైపుకైనా కొట్టొచ్చని, చివరి అంకె పూత రకం. ఏసీకైనా డీసీకైనా నడుస్తుంది, స్లాగ్ తేలిగ్గా ఊడుతుంది. అందరూ గొప్పగా చెప్పే 7018 జోలికి పోలేదు, దానికి తేమ పడదు, ప్యాకెట్ విప్పాక వెచ్చటి ఓవెన్‌లో దాచాలి, బల్ల కాళ్లకు అంత వైభోగం అక్కర్లేదు. మొదటి గంటలో పదిహేను రాడ్లలో పది అంటుకుపోయాయి. రాడ్డును పొడవడం మానేసి అగ్గిపుల్ల గీసినట్టు గీయడం మొదలుపెట్టాక కొంచెం నయమైంది. ఇంతలో కాలిన ప్లాస్టిక్ వాసన.

వాసన మిషన్‌ది కాదు, ఎక్స్‌టెన్షన్‌ది. మా గ్యారేజీలో ప్లగ్గు పాయింటు తలుపుకు దూరంగా ఉంటుంది, అందుకని ఇంట్లో ఉన్న 25 మీటర్ల రీలు ఎక్స్‌టెన్షన్ వేశాను, అందులో ఐదు మీటర్లే లాగి మిగతాది చుట్టలోనే ఉంచాను. ఆ తీగ ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లది. రానూపోనూ యాభై మీటర్ల తీగలో 18 ఆంపియర్లు పోతే పది వోల్టులకు పైగా అందులోనే పోతుంది, అంటే దాదాపు 200 వాట్ల వేడి, అదీ గాలి ఆడని చుట్టలో. లెక్కలన్నీ వేసి మరీ మిషన్ కొన్నవాణ్ని, ఈ ఒక్కటి లెక్క వేయలేదు. చుట్ట లోపలి వరసలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఇంకో పావుగంట చూసుకోకుండా ఉంటే ఏమయ్యేదో.

మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మెయిన్ బోర్డు నుంచి గ్యారేజీకి విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల లైను లాగించాను, 32 ఆంపియర్ల పారిశ్రామిక సాకెట్, సి రకం ఎంసీబీ, ఎర్త్ లీకేజీ బ్రేకర్. బి రకం ఎంసీబీ అయితే ఇన్వర్టర్ స్విచ్ వేసినప్పుడు ఒక్క క్షణం కొట్టే కరెంటుకే పడిపోతుందని ఆయనే చెప్పాడు. ఈ పని ముందు చేయించి తర్వాత మిషన్ ఎంచుకోవాల్సింది, నేను తలకిందులుగా చేశాను. ప్లగ్గు మార్చే వీలు లేని అద్దె ఇంట్లో ఉండేవాళ్లు 16 ఆంపియర్ల పాయింటుకు నేరుగా పెట్టుకుని 2.5 రాడ్డుతోనే సరిపెట్టుకోవడం మేలు, దాంతో చాలా పనులు అవుతాయి.

వారం తర్వాత నా బీడ్లు, అంటే వెల్డు గీతలు చూడ్డానికి బాగానే ఉన్నాయనిపించి, టీ ఆకారంలో రెండు ఫ్లాట్లు ఒక పక్కే వెల్డు చేసి అన్నకు తీసుకెళ్లి చూపించాను. ఆయన మాట్లాడకుండా వైస్‌లో బిగించి సుత్తితో ఒక్కటిచ్చాడు. వెల్డంతా కింది ఫ్లాట్ మీద నుంచి పెచ్చులా ఊడొచ్చింది. కింద ఇనుము కరిగిన ఆనవాలే లేదు, పైన మైనం కారి గడ్డకట్టినట్టు కూర్చుందంతే. "కరెంటు పెంచు, రాడ్డు దగ్గరగా పెట్టు, కరిగిన ఇనుము గుంట చూడు, వెలుగు చూడకు" అన్నాడు. ఆర్క్ పొడవు రాడ్డు లోపలి తీగ మందం కంటే ఎక్కువ ఉండకూడదట, నేను దానికి మూడింతలు పెడుతున్నాను, వెలుగుకు భయపడి. 70 నుంచి 90కి పెంచి దగ్గరగా కొట్టినదాన్ని ఆ తర్వాతి వారం నేనే వంచాను, ఆరేడు దెబ్బలకు ఫ్లాట్ వంగింది కానీ వెల్డు ఊడలేదు. ఆ ముక్క ఇంకా దాచుకున్నాను.

అరల ట్యూబు దగ్గర మాత్రం స్టిక్ ఎందుకు కొన్నానా అనిపించింది. 1.6 మిల్లీమీటర్ల గోడ, క్షణం ఆలస్యమైతే బొక్క. ఆ బొక్క పూడ్చబోతే ఇంకా పెద్ద బొక్క. 2 మిల్లీమీటర్ల రాడ్డు, 45 ఆంపియర్లు, రాడ్డు నెగెటివ్‌కు మార్చుకుని, ఒకేసారి లాగకుండా చుక్క చుక్కగా పెడుతూ పోతే చివరికి వచ్చింది, అందంగా లేదు. నేను చేసే పనంతా ఇలాంటి పలచటి ట్యూబులు, బండి రేకులే అయితే మిగ్ ఖర్చు భరించేవాణ్నే.

రెండు వెర్రి పనులు కూడా చెప్పాలి. ట్యాక్, అంటే ముక్కలు కదలకుండా పెట్టే చిన్న చుక్క వెల్డు, కొట్టేది ఒక్క సెకనే కదా అని హెల్మెట్ మొహం మీదికి దించకుండా కళ్లు మూసుకుని పది పన్నెండు ట్యాకులు కొట్టాను. అప్పుడేం కాలేదు. అర్ధరాత్రి లేచేసరికి కళ్లలో ఇసుక పోసినట్టుంది, నీళ్లు ఆగలేదు, డాక్టరు చూసి నల్లగుడ్డు పైపొర కమిలిందన్నాడు, రెండు రోజులు చీకటి గదిలోనే. ఇంకోసారి పారేసిన జీఐ (జింక్ పూత వేసిన ఇనుము) పైపు ముక్క దొరికితే దాని మీద ప్రాక్టీసు చేశాను, తెల్లటి పొగ వచ్చింది, పట్టించుకోలేదు. ఆ రాత్రి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. జింక్ పూత కాలితే వచ్చే పొగ వల్ల అలా అవుతుందట, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, నాకూ తగ్గింది. ఇప్పుడు జీఐ అని అనుమానమున్న ముక్క కనిపిస్తే పక్కన పడేస్తున్నాను. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుము జోలికి కూడా పోకండి, క్లోరిన్ ఉన్న రకమైతే ఆర్క్ తగిలి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, అది జ్వరంతో పోయే వ్యవహారం కాదు.

మిషన్ ఎక్కువ కాలం బతకాలంటే గ్రైండర్‌కు దూరంగా పెట్టాలని కూడా ఆలస్యంగానే తెలిసింది. గ్రైండర్ నిప్పురవ్వలు సరిగ్గా మిషన్ వైపే పోయేలా కూర్చునేవాణ్ని, లోపలి ఫ్యాన్ ఆ ఇనుప పొడినంతా పీల్చి బోర్డు మీద పరిచేది. ఇప్పుడది గోడకు ఎత్తులో ఒక అర మీద ఉంటుంది, నెలకోసారి ప్లగ్గు పీకి పొడిగాలి కొడతాను. మూత మాత్రం వెంటనే విప్పను, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది.

బల్ల కిందటి నెల నిలబడింది. ఒక కాలు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి లాగేసింది, అన్ని మూలలకూ ముందు ట్యాకులు వేసి ఎదురెదురుగా మార్చుకుంటూ కొట్టాల్సింది పోయి ఆత్రంకొద్దీ ఒక మూల పూర్తిగా కొట్టేశాను, చల్లారేటప్పుడు వెల్డు ముడుచుకుని కాలును తనవైపు లాక్కుంది. ఆ కాలు కింద ఒక బోల్టు పెట్టి ఎత్తు సరిచేశాను. అన్న వచ్చి దాని మీద ఎక్కి నిలబడి అటూ ఇటూ ఊపి చూశాడు, దిగాడు, మిషన్ వెనక ప్లేటు చదివాడు, సాకెట్ చూశాడు, ఏమీ అనలేదు. తర్వాత కింద కూర్చుని ఒక జాయింట్ మీద వేలు పెట్టి "ఇక్కడ స్లాగ్ తీయకుండానే మీద ఇంకోటి కొట్టావు" అని, నేనేదో చెప్పబోతుండగానే గ్రైండర్ ఎక్కడుందని అడిగాడు.